పాటలో నైజాము ఒక్కడే మిగిలాడు

సూర్యాపేటలో ఒక పెళ్ళి బరాత్. డీజే పెట్టెల్లో 'బండెనక బండి కట్టి' మోగుతోంది, పిల్లలు హుషారుగా ఎగురుతున్నారు. తప్పు పట్టను, ఆ బాణీలోనే అంత ఊపు ఉన్నది. పక్కనున్న పెద్దమనిషి మాత్రం "మంచి జానపదం" అన్నాడు. అక్కడే నాకు మండింది.

అది కర్త తెలియని పాట కాదు. రాసినవాడు బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న మనిషి. 1979లో తీసిన 'మాభూమి'లో గద్దర్ పాడినందున చాలామంది దాన్ని గద్దర్‌కే రాసిచ్చేశారు. 'పల్లెటూరి పిల్లగాడ' రాసిన సుద్దాల హనుమంతు గతీ ఇంచుమించు అంతే.

పేరు పోవడం చిన్న నష్టం. పాట ఎవరిమీద కట్టారో ఆ శత్రువు మాయమవడం పెద్ద నష్టం. ఏటా సెప్టెంబరు 17 వస్తే ఆ రోజును ఏమని పిలవాలన్నదే తగాదా. 2022లో కేంద్రం విమోచన దినమన్నది, రాష్ట్రం సమైక్యతా దినమన్నది. 2024లో రాష్ట్రంలో అదే ప్రజాపాలన దినోత్సవమైంది. ఏ వేదికకైనా ఈ పాట పనికివస్తుంది. ఎందుకంటే అందులో నైజాము ఒక్కణ్ణే మిగిల్చారు.

పాట నైజామును నిలదీస్తుంది, నిజమే. కాని నల్లగొండ రైతు నిత్యం ఎదుర్కొన్నది దేశ్‌ముఖ్ గడీని, వెట్టిని. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కూల్చిన తుపాకి రజాకారుది కాదు, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులది. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. పారిపోయిన దొరలు సైన్యం అండతో ఊళ్ళకు తిరిగి వచ్చారు. రైతులు పంచుకున్న భూములను మళ్ళీ లాక్కోబోయారు. అదే సైన్యం దళాలను తరిమింది. కొన్ని దళాలు పాలమూరు జిల్లా అమ్రాబాదు అడవులకు, నల్లమలకు చేరాయి. 1951 అక్టోబరులో విరమించేదాకా నడిచిన ఆ మూడేళ్ళ యుద్ధం ఏ వేదికమీదా వినిపించదు.

నైజాము పోయాక తుపాకి దించవలసింది కదా అని కొందరంటారు. ఆ మాట సామాన్యులది కాదు, రావి నారాయణరెడ్డి గారిదే. 1952లో నల్లగొండ ప్రజలు నెహ్రూను మించిన మెజారిటీతో పార్లమెంటుకు పంపిన మనిషి ఆయన. ఆ వాదనను గౌరవిస్తాను. పోరాటం కొనసాగాలా వద్దా అని తర్కించవచ్చు, అసలు జరగనట్టు పాట కట్టేయడం తర్కం కాదు. చచ్చిన రైతుకు ఎవరి తూటా తగిలిందో చెప్పకుండా అతని పాటకు చప్పట్లు కొట్టడం నాకు రోతగా ఉంటుంది.

మీలో ఆ ప్రాంతాలవారుంటే ఒక మనవి. 1948 తరువాత కట్టిన పాటలు మీ అమ్మమ్మ నోటనో, తాత నోటనో విని ఉంటే రాసి పెట్టండి. చరణం తెగిపోయినా ఫరవాలేదు. ఊరి పేరూ, తెలిస్తే పాట కట్టినవారి పేరూ తప్పక వేయండి.