మూర్ఛ మందు వేసుకునేవారి మాటా వినాలి

బెంగళూరు చుట్టుపక్కల నిమ్హాన్స్ వైద్యులు జరిపి 2004లో ప్రచురించిన సర్వేలో మూర్ఛ పట్టణాల్లో వెయ్యికి దాదాపు ఆరుగురికి, పల్లెల్లో పన్నెండు మందికి ఉన్నట్టు తేలింది. చవకగా దొరికే ఫినోబార్బిటోన్, ఫెనిటాయిన్‌లతోనే పల్లెల్లో ఫిట్లను అదుపు చేయవచ్చని కర్ణాటకలోని యళందూరు అధ్యయనం 2001లో చాటింది.

కానీ మందు ఇచ్చినంతనే బాధ్యత తీరదు. ఫినోబార్బిటోన్‌తో మగత, ఫెనిటాయిన్‌తో చిగుళ్ల వాపు రావచ్చు. కార్బమజెపైన్ అరుదుగా ప్రాణాంతకమైన చర్మవ్యాధి తెస్తుంది. గర్భిణి వాల్‌ప్రొయేట్ వాడితే పుట్టే బిడ్డకు అవకరాలు, బుద్ధిమాంద్యం ముప్పు ఎక్కువ. భయపడి మందు హఠాత్తుగా మానేస్తే ఫిట్లు ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

కర్ణాటకలోని బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు తమ బాధను తెలుగులోనే చెప్పుకుంటాయి. డాక్టర్లు, ఆశా కార్యకర్తలు ప్రతిసారీ ఆ భాషలోనే దుష్ప్రభావాల గురించి అడగాలి. పెళ్లికెదిగిన ఆడపిల్లలకు వాల్‌ప్రొయేట్ రాసేముందు తప్పక వివరించాలి. ఔషధ దుష్ప్రభావాలను రోగులే నేరుగా తెలిపేందుకు 1800-180-3024 ఉచిత నంబరుంది. దాన్ని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద కన్నడంతో పాటు తెలుగులోనూ రాయించాలి.