పన్నెండు ఉలులొద్దు, రెండు చాలు

“అన్నా, లినోకట్ మొదలుపెడదామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో పన్నెండు ఉలుల సెట్టు చాలా చవగ్గా కనిపించింది. కొనెయ్యనా?”

ఇలాంటి మెసేజ్‌లు నాకు నెలకి రెండైనా వస్తాయి. పంపేది ఎక్కువగా కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి ఉంటారు. దిమ్మె మీద ఇంకు రోలర్ తిరుగుతుంది, కాగితం పరుస్తారు, రుద్దుతారు, మెల్లగా పైకి లేపుతారు, బొమ్మ వచ్చేస్తుంది. చూస్తుంటే నాకే ఇంకోటి చెక్కాలనిపిస్తుంది. కాకపోతే ఆ అర నిమిషం వీడియోలో కనిపించనిది ఒకటుంది. అదే ఉలి పదును. బొమ్మ బాగా రావడమే కాదు, మీ వేళ్లు క్షేమంగా ఉండటం కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే అందరికీ నా జవాబు ఒకటే: ఆ సెట్టు కొనొద్దు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి మంచి ఉలులు రెండు కొనండి.

ఎందుకో చెప్తాను.

మొద్దు ఉలితోనే ప్రమాదం

పదునుంటే చెయ్యి తెగుతుందని మనకి చిన్నప్పట్నుంచీ భయం. వంటింట్లో అమ్మని అడిగి చూడండి. టొమాటో మీద జారి వేలు కోసేది మొద్దు కత్తే అంటుంది. ఉలి సంగతీ అంతే. పదునైన ఉలిని మెల్లగా తోస్తే చాలు, లినోలియంలోకి దిగి సాఫీగా వెళ్తుంది. ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆగుతుంది. మొద్దు ఉలి దిగదు. దాంతో మనం భుజం బలమంతా పెట్టి తోస్తాం. అది ఒక్కసారిగా పట్టు తప్పి ముందుకి దూసుకెళ్తుంది. ఆ దారిలో ఉండేది దిమ్మెని పట్టుకున్న ఎడమ చెయ్యి.

నాకు తెలిసిన కుర్రాడొకడు పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాడు. ఒక చవక సెట్టులోని ఉలి ఇలాగే జారి అతని ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. గాయమైతే మానింది కానీ, అప్పుడు సరిగ్గా శ్రావణమాసం ముహూర్తాలు. ఒప్పుకున్న ప్రోగ్రాములన్నీ వేరేవాళ్లకి వెళ్లిపోయాయి. సెట్టులో మిగిల్చిన డబ్బుకీ, చేజారిన సంపాదనకీ లెక్క ఎక్కడా కుదరదు.

చవక సెట్లలో అసలు తిరకాసు ఉక్కులో ఉంటుంది. మెత్తటి ఉక్కుకి పదును నిలవదు. పది నిమిషాలు చెక్కగానే మొద్దుబారుతుంది. అలాంటివి పన్నెండు ఉంటే మొద్దు ఉలులు పన్నెండు ఉన్నట్టే.

కాబట్టి మొదటి రోజు నుంచీ ఒక్క నియమం పెట్టుకోండి. దిమ్మెని పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకి వెనకే ఉండాలి. ముందు ఉండకూడదు, పక్కన కూడా ఉండకూడదు.

ఈ నియమం తప్పకుండా చూసే పరికరం ఒకటుంది. దాని పేరు బెంచ్ హుక్. ఏ-ఫోర్ కాగితమంత చెక్క పలక తీసుకుని, ఒక అంచుకి పై వైపు ఒక బద్ద, ఎదుటి అంచుకి కింది వైపు ఇంకో బద్ద కొట్టించండి. కింది బద్ద మీ ముందున్న టేబుల్ అంచుని పట్టుకుంటుంది. పై బద్దకి దిమ్మె ఆనుతుంది. మీరు ఎంత తోసినా దిమ్మె జారదు కాబట్టి, చెయ్యి అడ్డం పెట్టి ఆపాల్సిన పనే ఉండదు. వడ్రంగి దగ్గర మిగిలిపోయిన ముక్కలతో పావుగంటలో తయారవుతుంది. ఉలికంటే ముందు ఇది చేయించుకోండి.

ఆ రెండూ ఏవి?

మొదటిది ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలా ఉండే సన్న ఉలి. ఇది గీతల కోసం. పైపైన తోస్తే వెంట్రుకంత గీత వస్తుంది. కొంచెం లోతుగా దించితే అదే ఉలితో లావు గీత వస్తుంది. అంటే ఒక్క ఉలిలోనే నాలుగైదు సైజులు ఉన్నట్టు. రెండోది ‘యు’ ఆకారంలో, ఐదారు మిల్లీమీటర్ల వెడల్పుది. బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండాల్సిన చోటంతా దీంతో తవ్వెయ్యొచ్చు. పిడి అరచేతిలో ఒదిగేలా, వెనక గుండ్రంగా ఉంటే మంచిది. మొదటి ఆర్నెల్లకి ఇంతకుమించి అక్కర్లేదు.

చెక్కడానికి లినోలియం తీసుకోండి. 1860ల్లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన నేల మీద పరవడానికి దీన్ని కనిపెట్టాడు. అవిసె నూనెని గాలికి చిక్కబడనిచ్చి, బెరడు పొడి కలిపి, జనపనార గుడ్డ మీద పరిచి తయారుచేస్తారు. చెక్కకున్నట్టు దీనికి నారలుండవు. అందుకే ఉలి ఎటైనా ఒకేలా వెళ్తుంది. ఇళ్లలో నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు మాత్రం లినోలియం కాదు, అది వినైల్. ఆర్ట్ సామాన్ల షాపులో ప్రింట్ల కోసమని అడిగి తీసుకోండి. గట్టిగా అనిపిస్తే కాసేపు ఎండలో పెట్టండి, వెన్నలా కాకపోయినా బెల్లంలా తెగుతుంది.

ఇదేదో పిల్లల సామాను అనుకోకండి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ 1930లో ఉప్పు సత్యాగ్రహం సందర్భంగా చేసిన ‘బాపూజీ’ లినోకట్టే. కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీజీ బొమ్మ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది అదే. అందులో ఉన్నవి నలుపూ తెలుపూ మాత్రమే.

ఉలి తిప్పకండి, దిమ్మె తిప్పండి

కొత్తవాళ్లు చేతులెత్తేసేది వంపుల దగ్గర. ఉలిని స్టీరింగులా తిప్పబోతారు. గీత మెలిక పడుతుంది, అంచు పెళ్లలా ఊడుతుంది. కిటుకు ఏంటంటే, ఉలి పట్టిన చెయ్యి ఉన్నచోటే ఉండి మెల్లగా ముందుకి తోస్తుంటుంది, రెండో చెయ్యి వెనక నుంచి దిమ్మెని తిప్పుతుంది. కుమ్మరి చక్రం మీద చెయ్యి నిలకడగా ఉండి మట్టి తిరిగినట్టు.

ఇది నేర్చుకోవడానికి మన తెలుగు అక్షరాలకి మించిన పాఠం లేదు. ఇంగ్లిష్‌లో ‘ఎల్’, ‘టి’ అంటే నిలువూ అడ్డమూ గీతలే. మన ‘అ’, ‘జ’, ‘ణ’ అన్నీ వంపులే. ఎక్కడా తిన్నగా ఉండవు. మీ పేరులో మొదటి అక్షరం అరచెయ్యంత చెక్కితే చాలు, మణికట్టుకి దారి తెలిసిపోతుంది.

అచ్చులో బొమ్మ తిరగబడుతుందని మర్చిపోకండి. అక్షరాలైతే అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. ఇక్కడ మీ ఫోన్ పనికొస్తుంది. బొమ్మని ఫొటో ఎడిటింగ్‌లో అడ్డంగా ఫ్లిప్ చేసి, ప్రింటు తీసి, కార్బన్ పేపర్ పెట్టి దిమ్మె మీదకి ఎక్కించండి.

పదును ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఉలి మొనని లైటు కింద పెట్టి అంచుని నేరుగా చూడండి. పదునైన అంచు కనిపించదు. మొద్దుబారిన చోట సన్నటి తెల్ల గీతలా మెరుస్తుంది. ఆ మెరుపు కనిపిస్తే పని ఆపాలి.

ప్రతిసారీ సానరాయి దాకా వెళ్లక్కర్లేదు. పాతకాలం సెలూన్లలో కత్తిని తోలు పట్టీ మీద లాగడం చూశారా? అదే పని. పాత తోలు బెల్టు ముక్కని చెక్కకి అతికించి, లోహాలకి మెరుగుపెట్టే పేస్టు రాయండి. ఉలిని మొన వెనక్కి ఉండేలా ఆనించి, వెనక్కి మాత్రమే లాగండి. ముందుకి తోస్తే తోలు తెగుతుంది. ‘యు’ ఉలినైతే లాగుతూనే పక్కలకి దొర్లించాలి. పావుగంటకోసారి పదేసిసార్లు లాగితే రాయితో పని చాలా తగ్గుతుంది.

అచ్చు తీసేటప్పుడు

ప్రెస్ మెషిన్ కొనాలేమో అని భయపడకండి. గాజు పలక, రబ్బరు రోలర్, నీళ్లతో కడిగితే పోయే ఇంకు, పల్చటి కాగితం, ఒక చెక్క గరిటె ఉంటే చాలు. గాజు మీద చెంచాడు ఇంకు వేసి పల్చగా పరవండి. సరిపడా ఉంటే రోలర్ కింద ‘స్స్’ అని సన్నగా చప్పుడొస్తుంది. తపతపమంటుంటే ఇంకు ఎక్కువైంది. అలాగే పూస్తే సన్న గీతలన్నీ పూడుకుపోతాయి. కాగితం పరిచాక గరిటె వీపుతో గుండ్రంగా, అంచుల దాకా రుద్దండి. మన ఎండలకి ఈ ఇంకు చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి, ఫ్యాన్ ఆపి ఉదయం పూటే పని పెట్టుకోండి.

చెక్క మీదకి ఎప్పుడు?

లినో మీద పది దిమ్మెలైనా చెక్కాక. చెక్క పనిలో రెండు దారులున్నాయి. చెట్టుని నిలువునా కోసిన పలక మీద చెక్కేది వుడ్‌కట్. అక్కడ నారలకి అడ్డంగా వెళ్తే పెచ్చులు లేస్తాయి. అడ్డంగా కోసి, నారల కొసలు పైకి ఉండే ముఖం మీద చెక్కేది వుడ్ ఎన్‌గ్రేవింగ్. ఆ ముఖం గట్టిగా, ఎటు గీసినా ఒకేలా ఉంటుంది. లోహం మీద చెక్కే బ్యూరిన్ లాంటి పనిముట్లు వాడతారు కాబట్టి వెంట్రుకలాంటి గీతలు వస్తాయి. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్‌కి చెందిన థామస్ బ్యూయిక్ మొదట లోహం చెక్కే పని నేర్చుకుని, ఆ పనితనాన్ని బాక్స్‌వుడ్ మీదకి తెచ్చాడు. 1790లో వచ్చిన ఆయన జంతువుల పుస్తకంతో ఈ పద్ధతికి పేరొచ్చింది. ఈ పనిలో దిమ్మెని తోలు ఇసుక సంచి మీద పెట్టుకుంటారు. ఎందుకంటే అక్కడా తిరగాల్సింది దిమ్మే.

మన దగ్గర చూడాలంటే మచిలీపట్నం పక్కనే ఉన్న పెడన వెళ్లండి. కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేది అక్కడే. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు. కాగితం దిమ్మెకంటే అచ్చు బాగా లోతుగా ఉండటం గమనించండి. రంగులో ముంచే మెత్త దిగబడుతుంది, గుడ్డా దిగబడుతుంది. లోతు లేకపోతే ఖాళీల్లోనూ రంగు అంటుకుంటుంది. నేను అక్కడ గంటసేపు కూర్చుంటే, నా చూపు అచ్చుల మీద కంటే సానరాయి మీదే ఎక్కువసార్లు పడింది. ఏళ్ల తరబడి చెక్కుతున్న చెయ్యి కూడా అంతంతసేపటికి ఆగి, ఉలిని నూరుకునే మళ్లీ మొదలుపెడుతోంది.

ఈ ఆదివారానికి హోంవర్క్ ఇది: బెంచ్ హుక్ చేయించుకోండి, అరచెయ్యంత లినో తెచ్చుకోండి, మీ పేరులో మొదటి అక్షరాన్ని తిరగేసి చెక్కండి. పని అయ్యాక ఉలి మొనకి పాత రబ్బరు ముక్క గుచ్చి దాచండి. డబ్బాలో ఒకదానికొకటి తగిలినా పదును పోతుంది. వచ్చే వారం ఒకే దిమ్మెతో రెండు రంగులు ఎలా తీయాలో చూద్దాం.