పన్ను కోసం పెట్టుబడి: పశుపోషకునికి పోటీ

పామిడి: లాభం కోసం పశువును మేపేవాడు ఒకడు, పన్ను తప్పించుకునేందుకు మేపించేవాడు మరొకడు. ఇద్దరూ ఒకే సంతలో బేరానికి దిగితే మొదటివాడు నిలవలేడన్నది అమెరికా అనుభవం. గొర్రెల మందలపై బ్రతికే పామిడి ప్రాంత రైతాంగం ఈ సంగతి గమనించదగి వుంది.

1970 దశకంలో అమెరికాలో పై అంతస్తు ఆదాయంపై 70 శాతం దాకా పన్ను వుండేది. వ్యవసాయదారులకు మాత్రం ఒక వెసులుబాటు వుంది. సొమ్ము చెల్లించిన ఏడాదిలోనే ఖర్చు రాసుకోవచ్చు. పట్టణాల డాక్టర్లు, వకీళ్ళు దీన్ని పట్టుకున్నారు. డిసెంబరులో అప్పు తెచ్చి మేత కొని, ఆ ఖర్చును తమ ఆదాయంలో తగ్గించి చూపేవారు. పశువులు అమ్మేది మరుసటి ఏడు గనుక పన్ను అప్పటికి వాయిదా పడేది. టెక్సాస్‌లోని పెద్ద పెద్ద మేపుడు దొడ్లకు ఈ సొమ్ము తరలివచ్చింది.

ఫలితమేమిటి? దూడలకు గిరాకీ పెరిగింది. దూడలు అమ్మినవారు బాగుపడ్డారు. కాని వాటిని కొని మేపే రైతు ఎక్కువ ధర పెట్టి కొని, బలిసిన పశువులు సంతను ముంచెత్తగా తక్కువకు అమ్ముకోవలసి వచ్చింది. నష్టంలో కొంత పన్ను మిగులుగా తిరిగివచ్చేది పట్టణవాసికే. 1973-74లో ధరలు పడిపోయి మేపుడుదారులు దెబ్బతిన్నారు. పెట్టుబడిదారు తాను నిజంగా పోగొట్టుకోగల సొమ్ముకు మించి నష్టం చూపరాదని 1976లో చట్టం చేశారు.

ఇక్కడ పశువు కాదు, భూమి

మన దేశంలో 1886 ఆదాయపు పన్ను చట్టం నాటినుంచి సేద్యపు ఆదాయానికి కేంద్ర ప్రభుత్వ పన్ను లేదు. గొర్రెలు, పాడి మీద వచ్చే ఆదాయం సేద్యం కిందికి రాదు. పైగా పట్టణాలకు నిర్ణీత దూరం దాటిన సాగుభూమిని అమ్మితే వచ్చే లాభానికీ పన్ను లేదు. కాబట్టి పన్ను లేని చోటు వెతికే సొమ్ముకు ఇక్కడ ఆశ్రయం భూమే.

వేరుశెనగ కోత అయ్యాక చేలలో మందలు మేయడం, రాత్రి మంద కట్టించుకుని రైతు ఎరువు పొందడం ఈ సీమలో తరతరాల ఏర్పాటు. పొలం కొన్నవాడు కంచె వేసి బీడు పెడితే అతనికి నష్టం లేదు, ధర పెరిగేదాకా ఆగగలడు. కాపరి ఆగలేడు. గొర్రె పూటపూటకూ మేయాలి. మేపు పోతే శెనగకట్టె కొనాలి. వానలు తప్పిన ఏడు అదీ దొరకదు.

సేద్యపు రాయితీని తొలగించాలని సన్నకారు రైతు ఎవరూ కోరరు. దున్నేవానికీ, కంచె వేసి కాచుకునేవానికీ తేడా చట్టం గుర్తించాలన్నదే ప్రశ్న. అంతవరకు గ్రామాల మేత పోరంబోకులు అన్యాక్రాంతం కాకుండా చూసుకోవడం పంచాయతీల చేతిలోని పని. అవి కూడా పోతే మందలు అమ్ముకోవడం తప్ప కాపరులకు దారి వుండదు.