శివారు ఎక్కడి దాకా?

రాత్రి భోజనాలయ్యాక మన హాస్టల్లో ఏ గదిలో నలుగురు కూర్చున్నా ఈ మధ్య తప్పకుండా వచ్చే మాట మెట్రో రైలు. విజయవాడకు అది కావాలా వద్దా, అమరావతి దాకా పోవాలా, గుంటూరు మాటేమిటి, తెనాలి చేసిన పాపమేమిటి అని ఒకటే వాదోపవాదాలు. ఒకరు ఢిల్లీ అంటారు, మరొకరు హైదరాబాదు అంటారు. పల్నాడు నుంచి వచ్చినవాళ్లం మాత్రం శ్రోతలం. మా పిడుగురాళ్ల పేరు ఎవరి నోటా రాదు. వచ్చినా సున్నం బట్టీల సందర్భంలోనే వస్తుంది. సంచికలో జాగా దొరికింది గనుక ఆ శ్రోతల పక్షాన నాలుగు మాటలు చెప్పదలిచాను.

ముందు సంగతి ఎక్కడ మొదలైందో చూద్దాం. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూలులో, విశాఖపట్నంతో పాటు విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యమవుతుందేమో కేంద్రం పరిశీలించాలని రాశారు. మూడు ఊళ్ల పేర్లూ అందులో ఉన్నాయి. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ వారు తయారుచేసిన ప్రణాళిక విజయవాడ బస్ స్టేషన్ నుంచి ఒక చెయ్యి పెనమలూరు వైపు, ఇంకో చెయ్యి నిడమానూరు వైపు చాచింది. వెరసి 26 కిలోమీటర్లు. అది అటకెక్కాక కొన్నాళ్లు లైట్ మెట్రో అన్నారు. అంటే చిన్న పెట్టెలు, తేలిక పట్టాలు, బస్సుకు ఎక్కువ, మెట్రోకు తక్కువ అన్నమాట. అదీ కాగితం దాటలేదు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన కొత్త ప్రణాళికలో తొలి దశ గన్నవరం, పెనమలూరు వైపులకు 38.4 కిలోమీటర్లు, అంచనా 11,009 కోట్లు. రెండో దశ అమరావతికి. చట్టంలో కనిపించిన గుంటూరు, తెనాలి ఈ ప్రణాళికకు వచ్చేసరికి జారిపోయాయి. ఇక పిడుగురాళ్లను అడిగేదెవరు?

నేను మెట్రోకు శత్రువును కాను. సాయంత్రం పూట బెంజి సర్కిల్ దగ్గర నిలబడి చూసినవాడెవడూ విజయవాడకు అది అక్కరలేదని అనడు. కాని పై అంకెను భాగించి చూడండి. కిలోమీటరుకు 286 కోట్ల పైమాట. ఆ లెక్కన స్తంభాల మీద రైలును శివార్లకు సాగదీస్తామంటే మన మనవళ్ల కాలానికి కూడా అది గుంటూరు చేరదు. కనుక శివార్లకు రైలు కావాలా అన్న ప్రశ్నకు నా జవాబు "కావాలి". ఏ రైలు అన్న ప్రశ్నకు జవాబు "నేల మీద ఇప్పటికే ఉన్న పట్టాల మీద నడిచే రైలు".

అసలు శివారు అంటే ఏది? మునిసిపాలిటీ హద్దు రాయిని బట్టి అది తేలదని నా అభిప్రాయం. పొద్దున పనికి పోయి సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినగలిగినంత దూరమే శివారు. మద్రాసు వాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ఆంధ్ర నేల మీదున్న సూళ్లూరుపేటకు మద్రాసు లోకల్ బండి వస్తుంది. దూరం ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. పిడుగురాళ్ల నుంచి గుంటూరు సుమారు డెబ్బై. సూళ్లూరుపేట మద్రాసుకు శివారు కాగలిగితే, పిడుగురాళ్ల గుంటూరుకు ఎందుకు కాకూడదు?

"మద్రాసెక్కడ, గుంటూరెక్కడ! అంత జనం మీకేరి?" అని మిత్రులు ఎదురు ప్రశ్న వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. పది నిమిషాలకొక బండి మేమూ అడగడం లేదు. పొద్దున రెండు, సాయంత్రం రెండు, మధ్యలో ఒకటి, వేళ తప్పకుండా నడిస్తే చాలు. నడికుడిలో బయల్దేరి పిడుగురాళ్ల, బెల్లంకొండ, రెడ్డిగూడెం, సత్తెనపల్లి, పెదకూరపాడు, సిరిపురం, నల్లపాడు మీదుగా గుంటూరు చేరి, మన విశ్వవిద్యాలయానికి దగ్గరైన నంబూరులో ఆగి విజయవాడ పోయే మెమూ బండి. మెమూకు విడిగా ఇంజను ఉండదు, మోటార్లు పెట్టెల్లోనే ఉంటాయి. గబుక్కున బయల్దేరుతుంది, గబుక్కున ఆగుతుంది. రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది గనుక చివరి స్టేషన్లో ఇంజను మార్చే తంటా లేదు. దగ్గర దగ్గర ఊళ్లకు ఇంతకన్నా తగిన బండి లేదు. లైను మీద కరెంటు తీగలు ఇప్పటికే ఉన్నాయి.

అయితే ఒక అసలైన చిక్కు ఉంది, దాన్ని దాచి వాదించడం ధర్మం కాదు. ఈ లైను ఒంటి లైనుగా వేసినది. ఒంటి లైను మీద ఎదురెదురు బండ్లు స్టేషన్లోనే తప్పుకోవాలి. ఎక్స్‌ప్రెస్ వస్తే ప్యాసింజరు పక్క లైనులో పడుకుంటుంది, ఒక్కోసారి గూడ్సుకు కూడా దారి ఇవ్వాల్సి వస్తుంది. సిమెంటు, సున్నపురాయి దండిగా ఉన్న సీమలో గూడ్సులకు కొదవేముంది? అందుకే గుంటూరు-బీబీనగర్ రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 239 కిలోమీటర్లు. సంతోషమే. కాని ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ రెండో లైను ఎవరి కోసం?

ఈ ప్రశ్న ఎందుకంటే, మా ఊరి మీదుగా ఇంకో లైను కూడా మొదలైంది. 2011-12లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి లైను, దాదాపు 309 కిలోమీటర్లు. అందులో పిడుగురాళ్ల నుంచి శావల్యాపురం దాకా ముందుగా పూర్తయింది. విజయవాడ-గూడూరు దారిలోని రద్దీని ఇటు మళ్లించడం దాని ఉద్దేశం. అంటే పిడుగురాళ్ల పెద్ద జంక్షన్ అవుతుందన్నమాట. ఎవరికి జంక్షన్? రైళ్లు దాటిపోతుంటే గేటు దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెట్టుకోవడానికైతే, ఆ గౌరవం మాకు ఇప్పుడూ ఉంది.

హైదరాబాదు మనకు ఇక్కడ రెండు పాఠాలు చెబుతుంది. 2003 ఆగస్టు 9న అక్కడ ఎం.ఎం.టి.ఎస్. మొదలైంది. కొత్త స్తంభాలు లేకుండా, ఉన్న రైల్వే పట్టాల మీదే లింగంపల్లిని, సికింద్రాబాదును, ఫలక్‌నుమాను కలిపింది. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు పంచుకున్నాయి. ఇది మంచి పాఠం. రెండోది చేదు పాఠం. దూరపు బండ్లతో పట్టాలు పంచుకోవడం వల్ల లోకల్ బండి ఆలస్యానికి మారుపేరైంది. 2012-13లో మంజూరైన రెండో దశలో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు. ఆ డబ్బు సకాలంలో రాక పని ఏళ్ల తరబడి సాగింది. మేడ్చల్ వైపు బండ్లు 2023 ఏప్రిల్లో గాని నడవలేదు. కాబట్టి డబ్బు వాటా, బండి వేళ రెండూ ముందే కాగితం మీద రాసుకోవాలి. తరవాత చూద్దామంటే జరిగేదేమిటో హైదరాబాదు చూసింది.

ఇక మిగిలింది బస్సు. బస్సును తక్కువ చేయను, ఇన్నాళ్లూ మమ్మల్ని మోసింది అదే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం కూడా వచ్చింది. ఛార్జీ భారం తగ్గింది, మంచిదే. కాని గంటల భారం తగ్గలేదు. లారీల వెనకాల బస్సు నెమ్మదిగా పోతుంటే గుంటూరుకే దాదాపు రెండు గంటలు, అక్కడ దిగి ఇంకో బస్సెక్కితే గాని కాలేజీ రాదు. మా వీధిలో డిగ్రీలో మంచి మార్కులొచ్చిన ఆడపిల్లలు పి.జి. మాటెత్తితే ఇంట్లోవాళ్ల జవాబు ఒకటే: "హాస్టలుకు డబ్బులు లేవమ్మా. పోయి రావాలంటే చీకటి పడుతుంది." బట్టీల దగ్గర కూలి చేసే తల్లిదండ్రులు కూతురి చదువు మీద కోపంతో ఆ మాట అనరు. గడియారం చూసి అంటారు. ఆ గడియారంలో ఒక గంట మిగిల్చగలిగితే, ఒక పిల్ల ఇంటి అన్నం తింటూనే ఎమ్మెస్సీ చదువుతుంది. పెద్దాసుపత్రిలో చూపించుకోవలసిన ముసలమ్మ రాత్రికి గుంటూరు వరండాలో పడుకోనక్కరలేదు. శివారు రైలు అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

"రైలు వస్తోందనగానే వెంచర్లు లేస్తాయి, పత్తి చేలు, మిరప చేలు ప్లాట్లవుతాయి" అని ఇంకో మిత్రుడి భయం. నిజమే, రైలు రాకమునుపే రైలు వస్తుందన్న పుకారు వస్తుంది, దాని వెనక బ్రోకర్లు వస్తారు. కాని కొత్త దారి గీసినప్పుడు లేచే దుమారం, ఉన్న స్టేషన్లో ఒక బండి అదనంగా ఆగితే లేవదు. పైగా ఊళ్లో ఉండి పోయిరాగలిగినవాడు ఊరొదిలి గుంటూరులో గది వెతుక్కోడు.

2024 అక్టోబరులో ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త లైనును కేంద్రం ఆమోదించింది. అంటే మన కాలేజీ పక్క స్టేషనే రేపు రాజధానికి మలుపు కాబోతోంది. పల్నాడు బండి అక్కడిదాకా రావాలని అడగడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. కనుక యూనియన్ మిత్రులకు నా మనవి ఒక్కటే. ఎన్నికలప్పుడు క్యాంటీను, ఫ్యాన్లు గుర్తుచేసుకున్నట్టే ఈ సంగతీ గుర్తుంచుకోండి. సత్తెనపల్లి, పెదకూరపాడు, తెనాలి పిల్లలు ఎంతమంది రోజూ వస్తున్నారో, ఎన్ని గంటలు దారిలో పోతున్నాయో మనమే గది గదికి తిరిగి లెక్క రాద్దాం. ఆ కాగితం పట్టుకొని గుంటూరు డివిజన్ కార్యాలయం మెట్లెక్కుదాం. రెండో లైను పూర్తయ్యాక అడిగితే టైంటేబులు నిండిపోయి ఉంటుంది. అడగవలసింది పట్టాలు పడుతున్నప్పుడే.