ఎక్కటానికీ, దిగటానికీ ఒకటే జోడు

పిల్లలూ! బడి తెరిచేముందు కొత్త బూట్లు కొనటానికి మీరు నాన్నగారితో అంగడికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో నాకు తెలుసు. కాలికి సరిగ్గా పట్టిన జోడు మీకు నచ్చుతుంది. నాన్నగారు మాత్రం, "ఒక సైజు పెద్దదివ్వండి, పెరిగే కాళ్లు. వచ్చే ఏడు కూడా పనికొస్తాయి" అంటారు. ఆ ఏడంతా మీరు బూటు కొసలో గుడ్డపీలికలు కుక్కుకుని నడుస్తారు.

మన ఊళ్లో దీనివల్ల వచ్చే నష్టం మహా అయితే ఒక బొబ్బ. కాని మంచుకొండల మీద జోడు ఎంచుకోవటంలో పొరపాటు చేస్తే కాలివేళ్లకే ముప్పు రావచ్చు. ఈ నెల మనం చెప్పుకోబోయేది ఆ మంచుకొండల జోళ్లను గురించి.

2026 ఫిబ్రవరిలో ఇటలీలో జరిగిన శీతాకాలపు ఒలింపిక్ క్రీడలలో ఒక కొత్త పోటీ మొదటిసారిగా చేరింది. దాని పేరు స్కీ పర్వతారోహణ. స్కీలంటే కాళ్లకు బిగించుకుని మంచుమీద జారటానికి వాడే పొడుగాటి సన్నని పలకలు. మామూలుగా స్కీలు ఆడేవాళ్లు తీగెలమీద నడిచే కుర్చీలలో కూర్చుని కొండపైకి పోయి, అక్కడినుంచి కిందికి జారుతారు. ఈ పోటీలో అట్లా కాదు. ఎవరి కొండ వాళ్లే ఎక్కాలి, ఎవరి కొండ వాళ్లే దిగాలి.

జారే పలకలతో కొండ ఎక్కటం ఎట్లా అని మీకు సందేహం రావచ్చు. స్కీ అడుగుభాగాన ఒక పట్టీ అంటిస్తారు. దానిమీద పొట్టి వెంట్రుకలు ఉంటాయి. అవన్నీ వెనక్కు వాలి ఉంటాయి. పిల్లి వీపును తలనుంచి తోకవైపు నిమిరితే నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే చేతికి అడ్డు తగులుతుంది గదా! ఇదీ అంతే. స్కీ ముందుకు జరుగుతుంది, వెనక్కు జారదు. పూర్వం ఈ పట్టీలను సీలు అనే సముద్రజంతువు తోలుతో చేసేవారు. ఇప్పుడు మేకజాతి ఉన్నితోనూ, నైలానుతోనూ చేస్తున్నారు. శిఖరం చేరగానే పట్టీలు ఊడదీసి, చుట్టి, చొక్కాలో దోపుకుని కిందికి జారుతారు.

పట్టీ సంగతి సరే, కాలి బూటు సంగతి ఏమిటి? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కొండ ఎక్కేటప్పుడు బూటు తేలికగా ఉండాలి, చీలమండ బాగా వంగాలి. చీలమండ కదపకుండా కాలు బిగబట్టి మీ ఇంటి మెట్లు నాలుగు ఎక్కి చూడండి. మరబొమ్మలాగా నడుస్తారు! దిగేటప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం. స్కీని మలుపు తిప్పాలంటే మోకాలు వంచి, ముంగాలితో బూటును ముందుకు నొక్కి, కాలు పక్కకు వాల్చాలి. కాలు చేసిన ప్రతి కదలికా వెంటనే స్కీ అంచుకు చేరాలి. అందుకు బూటు రాయిలాగా బిగువుగా ఉండాలి. పిడి వదులైన కొడవలితో గడ్డి కోయబోతే ఏమవుతుంది? చెయ్యి ఒకవైపు తిరిగితే కొడవలి ఇంకోవైపు తిరుగుతుంది. వదులు బూటు అటువంటిదే. గట్టిగా గడ్డకట్టిన మంచు వాలులో అది ప్రాణాపాయం కూడా.

ఒకే జోడు మెత్తగానూ ఉండాలి, బిగువుగానూ ఉండాలి! తేలికగానూ ఉండాలి, బలంగానూ ఉండాలి!

పూర్వం దీనికి ఉపాయం లేక, తోలుబూట్లతోనే ఎక్కి, వాటితోనే దిగేవారు. స్విట్జర్లండులో జెర్మాట్ నుంచి వెర్బియే వరకు హిమానీనదాల మీదుగా సైన్యం నడిపే ఒక పందెం ఉన్నది. దాన్ని మొదటిసారి 1943లో జరిపారు. ముగ్గురేసి జట్టుగా, 50 కిలోమీటర్లకు పైగా దూరం ఎక్కుతూ దిగుతూ పోవాలి. ఆనాటి సైనికులు కర్ర స్కీలతో, తోలుబూట్లతో ఆ దారి నడిచారు. 1960లలో దిగుడుకు గట్టి ప్లాస్టిక్ బూట్లు వచ్చాయి. అవి దిగటానికి బ్రహ్మాండంగా పనికొచ్చాయి గాని, వాటితో కొండ ఎక్కటమంటే రెండు కాళ్లకూ రెండు రోళ్లు కట్టుకున్నట్టే!

కాలికి ఉన్న బరువు అంత బాధిస్తుందా? మీరే పరీక్ష చేసి చూడండి. రెండు గుడ్డసంచులలో అరేసి కిలో ఇసుక పోసి, చీలమండలకు ఒక్కొక్కటి కట్టుకుని పది మెట్లు ఎక్కండి. తరవాత అవి విప్పి, అదే ఒక కిలో ఇసుకను పుస్తకాల సంచిలో వేసి వీపున తగిలించుకుని, ఆ మెట్లే ఎక్కండి. తేడా వెంటనే తెలుస్తుంది. బరువు ఒకటే, శ్రమ ఒకటి కాదు.

1969లో అమెరికాలో సోల్, గోల్డ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ఇటువంటి పరీక్షే చేశారు. మనుషుల తలలమీదా, చేతులకూ, పాదాలకూ బరువులు పెట్టి నడిపించి, ఎంత శక్తి ఖర్చవుతున్నదో కొలిచారు. పాదాల బరువుకు ఒంటిమీది బరువుకన్న 4 నుంచి 6 రెట్లు శక్తి పట్టింది. ఎందుచేతనంటే, నడిచేటప్పుడు మన వీపు ఇంచుమించు ఒకే వేగంతో ముందుకు పోతూ ఉంటుంది. పాదం అట్లా కాదు. అది ఆగుతుంది, లేస్తుంది, విసురుగా ముందుకు పోతుంది, మళ్లీ ఆగుతుంది. ప్రతి అడుగులోనూ దాన్ని కొత్తగా కదిలించి, కొత్తగా ఆపాలి.

ఇప్పుడు చిన్న లెక్క. ఒకడు 1,000 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అడుగుకు 12 సెంటీమీటర్ల చొప్పున పైకి పోతే సుమారు 8 వేల అడుగులు వెయ్యాలి. అతని బూటు ఒక్కొక్కటి అరకిలో ఎక్కువ బరువుంటే, ఆ అరకిలోను 8 వేల సార్లు ముందుకు కదిలించాలన్నమాట. మొత్తం 4 వేల కిలోలు. అంటే 50 కిలోల బియ్యం బస్తాలు 80!

ఈ చిక్కును మూడు ఉపాయాలు తీర్చాయి.

మొదటిది, ఆస్ట్రియావాడైన ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో కనిపెట్టిన బిగింపు. అంతకుముందు కాలెత్తినప్పుడల్లా బూటుతోపాటు ఒక ఇనపచట్రం కూడా లేచేది. బార్తెల్ ఆ చట్రం తీసేసి, బూటు కొసకు రెండు పక్కలా చిన్న గుంటలు పెట్టి, స్కీమీది రెండు ఉక్కుముళ్లు వాటిలో పట్టేటట్టు చేశాడు. బందుమీద తలుపు తిరిగినట్టుగా బూటు ఆ ముళ్లమీద తిరుగుతుంది. మడమ ఒక్కటే లేస్తుంది. దిగేటప్పుడు మడమను కూడా బిగించేస్తారు.

రెండోది, బూటు వెనక ఉండే మీట. పైకి ఎత్తితే చీలమండ స్వేచ్ఛగా వంగుతుంది, కిందికి నొక్కితే బూటు బిగుసుకుపోతుంది. శిఖరంమీద ఒక్క క్షణంలో మెత్తని జోడు గట్టి జోడయిపోతుంది.

మూడోది, కొత్తరకం ప్లాస్టిక్కులు. వాటిలో పెబాక్స్ అనేది ఒకటి. తేలిక, చలికి పెళుసెక్కదు. దానిలో ఒక రకాన్ని దేనినుంచి చేస్తారో ఊహించగలరా? ఆముదం నుంచి! నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆముదపు చేలు మీలో కొందరు చూసే ఉంటారు. ప్రపంచంలో ఆముదాలు అందరికన్న ఎక్కువగా పండించే దేశం మనదే. మీ చేత అమ్మమ్మ బలవంతాన తాగించే ఆ జిడ్డునూనె ఆల్ప్స్ కొండలమీద బూటై నడుస్తున్నదంటే ఆశ్చర్యం కాదూ?

సరే, ఇప్పుడు అంగడికి పోదాం. పందెం బూట్లు ఒక్కొక్కటి అరకిలోకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. రోజల్లా కొండలలో తిరిగేవాళ్ల బూట్లు కిలో, కిలోంబావు ఉంటాయి. దిగుడే ముఖ్యమనుకునేవాళ్లవి కిలోన్నర, ఆపైన. మీరయితే ఏది కొంటారు? "అన్నిటికన్న తేలికది" అంటారు గదూ? చాలామంది పెద్దవాళ్లు కూడా అదే అంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది.

పందెగాడి బూటులో లోపలి మెత్త పలచన. అతను గంటో రెండు గంటలో పరుగెత్తి, ఇంటికి పోయి కాళ్లు కాచుకుంటాడు. రోజల్లా చలిలో ఉండేవాడికి ఆ మెత్త చాలదు. పైగా దిగుడు ఎప్పుడూ ఎక్కుడు తరవాతనే వస్తుంది. అప్పటికి కాళ్లు అలిసిపోయి ఉంటాయి. అలిసిన కాలికి బూటు ఆసరా ఇవ్వాలి. అందుచేత బూటు కొనేవాడు, "ఇది ఎంత తేలిక?" అని అడిగితే చాలదు. "సాయంత్రం, కాళ్లు వణుకుతున్నప్పుడు, ఇది నన్ను క్షేమంగా కిందికి చేరుస్తుందా?" అని కూడా అడగాలి.

బరువుకన్న ముందు చూడవలసింది ఇంకొకటి ఉన్నది. అదే కొలత. ఈ బూట్ల సైజు అంటే సెంటీమీటర్లలో పాదం పొడుగే. గోడకు మడమ ఆనించి, కాగితంమీద నిలబడి బొటనవేలి కొస దగ్గర గీత గీస్తే తెలిసిపోతుంది. అంగట్లో బూటు లోపలి మెత్తని తొడుగు పైకి తీసి, వట్టి డిప్పలో పాదం పెట్టాలి. వేళ్లు ముందుకు ఆనించినప్పుడు మడమ వెనక ఒక వేలు దూరేపాటి సందు ఉండాలి. రెండు వేళ్లు దూరితే అది పెద్ద జోడు. దిగేటప్పుడు కాలు లోపల జారుతుంది, వేళ్లు ముందుకు గుద్దుకుంటాయి. అసలు సందే లేకపోతే అది ఇరుకు. ఇరుకు బూటులో నెత్తురు వేళ్లదాకా పారదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ తరవాత మంచు కరుస్తుంది. తొడుగు మళ్లీ పెట్టి, బిగించి, పావుగంటసేపు అక్కడే నిలబడి చూడాలి. మోకాళ్లు వంచినప్పుడు మడమ లేవగూడదు.

చూశారా! అన్ని పనులకూ మంచిదైన జోడు ఏ అంగట్లోనూ దొరకదు. తన పని ఏమిటో, తన కాలు ఎంతో తెలిసినవాడికి మాత్రం తనకు మంచిదైన జోడు దొరుకుతుంది.

ఈసారి బూట్లు కొనేటప్పుడు ఈ పేజీ నాన్నగారికి చూపించండి. ఏడాదికోసారి కొనక తప్పని ఖర్చు ఆయనకు భారమే, నిజం. అయినా ఒక వేలు సందు ఉంటే పెరిగే కాలికి చాలు. గుడ్డపీలికలు అక్కరలేదు.