బొమ్మలేని కుండకు నోరెక్కడ?

ఏడుపెంకులాటకు పెంకులు ఎక్కడ ఏరుకుంటారు మీరు? ఖిల్లా ఘణపూర్ వంటి పాత ఊళ్ళలో వెతుక్కోనక్కరలేదు. కాని లోపల నల్లగా, బయట ఎర్రగా ఉన్న పెంకు కనిపిస్తే మాత్రం కాస్త ఆగండి. ఎందుకో చెప్పేముందు గ్రీకుల కుండ ఒకటి చూద్దాం.

వాటికన్ మ్యూజియంలో ఒక పెద్ద జాడీ ఉంది. క్రీ.పూ. 540–530 ప్రాంతంలో ఏథెన్సులో ఎక్సీకియాస్ అనే కుమ్మరి దాన్ని చేసి, బొమ్మలూ తానే వేసి, పేరు రాసుకున్నాడు. ట్రాయ్ యుద్ధవీరులు అకిలీస్, అజాక్స్ ఈటెలు చేత పట్టుకునే ఆటలో మునిగిపోయారు. ఒకరి నోటి దగ్గర ‘నాలుగు’, మరొకరి దగ్గర ‘మూడు’ అని గ్రీకులో రాసి ఉంది. అచ్చంగా మన పచ్చీసు ఆటగాళ్ళే!

ఆ బొమ్మల నలుపు రంగు వేస్తే వచ్చింది కాదు. అది మెత్తని బంకమట్టి పూత. ఆవంలోకి గాలి రానిస్తే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. గాలి మూసి పచ్చికట్టెలు వేస్తే అంతా నల్లబడుతుంది. మళ్ళీ గాలి వదిలితే కుండ ఎర్రనవుతుంది. పూత మాత్రం అప్పటికే గాజులా బిగుసుకుపోయి గాలిని చొరనివ్వదు, నల్లగానే ఉండిపోతుంది.

మనవాళ్ళు రాకాసి గుళ్ళు అని పిలిచే ఇనుపయుగపు సమాధుల్లో దొరికే ఎరుపు–నలుపు కుండలదీ ఈ గాలి విద్యే. బోర్లించి కాల్చడంవల్ల లోపలికీ అంచుకూ గాలి అందక నల్లబడ్డాయని పరిశోధకుల అభిప్రాయం. ఘణపూర్ కోట 13వ శతాబ్దపుది. ఈ కుండలు అంతకు వెయ్యేళ్ళకు పైగా పాతవి. వీటిమీద వీరులు లేరు, దేవతలు లేరు. కొన్నిటిమీద ఏవో గీతల గుర్తులు, అంతే.

అంతమాత్రాన ఇవి తక్కువవంటే నేనొప్పుకోను. అయితే వీటికి ప్రమాదం ఎక్కువ. ఎక్సీకియాస్ జాడీ కూడా సమాధుల ఊరిదే, ఇటలీలోని వుల్చీలో దొరికింది. దాన్ని ఎక్కడికి మోసుకుపోయినా బొమ్మ ఉంది కనుక అకిలీస్ కథ చెబుతూనే ఉంటుంది. మన కుండకు నోరు దాని చోటే. పక్కన ఎవరి ఎముకలున్నాయి, కింద ఏ ఇనుపకత్తి ఉంది, చుట్టూ ఎన్ని రాళ్ళున్నాయి? చోటు కదిలిందా, కుండ మూగదైపోయినట్లే. నిధుల ఆశతో రాకాసి గుళ్ళు తవ్వేవాళ్ళు బంగారం దొరక్క ఆ కుండలనే పగలగొట్టి పోతారు. చేను చదును చేస్తూ రాళ్ళు దొర్లించేవాళ్ళకు అవి కంటికే ఆనవు.

మీ ఆటకు ఇంట్లో పగిలిన కూజా చాలు. రాళ్ళ వలయంలో పెంకు కనిపిస్తే తీయకండి. ఏ చేను, ఏ గట్టు, ఎన్ని రాళ్ళో నోటుపుస్తకంలో రాసుకుని మీ సాంఘికశాస్త్రం మాస్టారికి చూపించండి.