కోటాకు కళ్లెం.. గడువుకు దిక్కేదీ?

సూర్యాపేట: పంచాయతీ కార్యాలయంలో సర్పంచి కుర్చీ సుమారు 22 నెలల పాటు ఖాళీగా ఉంది. 2024 ఫిబ్రవరి ఆరంభంలో తెలంగాణలోని సర్పంచులు, వార్డు సభ్యుల పదవీ కాలం ముగిసింది. నాటి నుంచి 2025 డిసెంబరులో కొత్త పాలకవర్గాలు కొలువుదీరే వరకు సుమారు 12,700 పంచాయతీలు ప్రత్యేకాధికారుల ఏలుబడిలోనే నడిచాయి. రిజర్వేషన్లు 42 శాతమా, 50 శాతం పరిమితికి లోబడా అన్న వాదులాట అసెంబ్లీ నుంచి సుప్రీంకోర్టు వరకు సాగింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరిపి తీరాలన్న రాజ్యాంగ నిబంధన మాత్రం ఈ సందడిలో మరుగున పడింది.

ఇది కేవలం ఒక ప్రభుత్వ జాప్యంగా కొట్టిపారేయదగిన విషయం కాదు. ప్రజలు ఎన్నుకున్న సభ చేసే నిర్ణయానికి హద్దు ఎక్కడ, ఆ హద్దును నిర్ణయించేది ఎవరు అన్న మౌలిక ప్రశ్న ఇందులో ఇమిడి ఉంది.

శాసనసభ మాట.. న్యాయస్థానం గీత

వెనుకబడిన తరగతులకు స్థానిక సంస్థల్లో 42 శాతం కోటా కల్పిస్తామని 2023 నవంబరులో కామారెడ్డి సభలో కాంగ్రెస్ పార్టీ ప్రకటించింది. అధికారంలోకి వచ్చాక ఇంటింటి కులగణన జరిపించింది. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలను కలుపుకొని బీసీలు 56.33 శాతమని, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతమని 2025 ఫిబ్రవరిలో వెల్లడించింది. మార్చి 17న శాసనసభ బిల్లులను ఆమోదించగా విపక్షాలు సైతం మద్దతు పలికాయి. బిల్లులు రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లి అక్కడే నిలిచిపోవడంతో సెప్టెంబరు 26న జీవో 9 ద్వారా కోటాను అమల్లోకి తెచ్చారు. ఎస్సీ, ఎస్టీలతో కలిపితే రిజర్వేషన్లు 67 శాతానికి చేరాయి.

అక్టోబరు 9న హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే విధించింది. వారానికే సుప్రీంకోర్టు సైతం ప్రభుత్వ పిటిషన్‌ను తోసిపుచ్చింది. చివరకు 50 శాతం పరిమితికి లోబడే డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా పోలింగ్ జరిగింది.

పరిమితి ఎక్కడిది?

స్థానిక సంస్థల్లో బీసీ రిజర్వేషన్ల నిర్ణయాన్ని రాజ్యాంగంలోని 243డి(6) అధికరణ రాష్ట్ర శాసనసభకే వదిలింది. అందులో ఎక్కడా 50 శాతం అన్న మాట లేదు. ఉద్యోగాల కోటాపై 1992 నాటి ఇందిరా సహానీ తీర్పులో ఖరారైన పరిమితిని, 2010 మే నెలలో కె.కృష్ణమూర్తి కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పంచాయతీలకూ వర్తింపజేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని గిరిజనులకు మాత్రమే మినహాయింపు దక్కింది. ప్రత్యేక కమిషన్ అధ్యయనం, సంస్థల వారీగా కోటా నిర్ధారణ, 50 శాతం మించకపోవడం అనే మూడు షరతులను 2021 మార్చిలో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు మరోమారు ఉద్ఘాటించింది.

రాజ్యాంగంలో లేని అంకెను ఎన్నికైన సభపై రుద్దడం స్వపరిపాలనకు గొడ్డలిపెట్టని బీసీ సంఘాల వాదన. జనాభాలో సగానికి పైగా ఉన్నవారికి, ఎస్సీ, ఎస్టీల వాటా పోను మిగిలిన ఇరవై చిల్లర శాతమే దక్కడం ఏం న్యాయమన్న వారి ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. గిరిజన, దళిత జనాభా అధికంగా ఉన్న మండలాల్లో ఆ వాటా మరింత కుంచించుకుపోతుంది.

అవతలి పక్షం వాదనకూ బలం లేకపోలేదు. ఏ వేళ ఎవరికి సంఖ్యాబలం ఉంటే వారు సీట్ల పంపకాన్ని తమకు అనువుగా మార్చుకోకుండా ఒక కట్టుబాటు అవసరం. పోటీ చేసే అవకాశం అందరికీ ఉండాలన్న సమానత్వ సూత్రాన్ని కాపాడేది అదే. శాసనసభలో అందరూ చేతులెత్తినంత మాత్రాన ప్రతి చట్టమూ రాజ్యాంగబద్ధం కాజాలదు.

మరచిన మరో హద్దు

పంచాయతీ గడువు ఐదేళ్లేనని, అది తీరకముందే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణ విస్పష్టంగా చెబుతోంది. ఇది తీర్పుల ద్వారా వచ్చిన సూత్రం కాదు. 73వ సవరణతో 1993లో రాజ్యాంగంలోనే చేరిన ఆదేశం. గడువులోగా ఎన్నికలు జరపడం ఎన్నికల సంఘం విధి అని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బీసీ కోటా కసరత్తు పూర్తికాలేదన్న సాకుతో ఎన్నికలను ఆపరాదని, ఆ స్థానాలను జనరల్‌గా పరిగణించి ముందుకు సాగాలని 2022 మే నెలలో మధ్యప్రదేశ్ కేసులో ఆదేశించింది. అయినా తెలంగాణలో గడువు ముగిసిన 16 నెలలకు గానీ, 2025 సెప్టెంబరు 30లోగా ఎన్నికలు ముగించాలన్న హైకోర్టు ఉత్తర్వు వెలువడలేదు. ఆ గడువూ దాటిపోయింది.

ఈ తంతు కొత్తదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఆగస్టులో పంచాయతీల గడువు తీరగా, 60.55 శాతం రిజర్వేషన్లపై న్యాయ వివాదం నడుమ 2013 జూలైలో గానీ ఎన్నికలు జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో ముగిసిన పాలకవర్గాల స్థానంలో కొత్తవి రావడానికి 2021 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో 59.85 శాతం కోటాను 2020 మార్చిలో అక్కడి హైకోర్టు కొట్టివేయగా, ఆపై కరోనా వచ్చిపడింది. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి. ప్రత్యేకాధికారుల పాలన మాత్రం తిరిగి తిరిగి వస్తూనే ఉంది.

నష్టపోయింది ఎవరు?

ఒక్కో మండల స్థాయి అధికారికి సొంత శాఖ పనులతో పాటు పలు గ్రామాల బాధ్యతలు అప్పగించారు. చెక్కుపై సంతకం కావాలంటే ఆ అధికారి తీరిక కోసం ఎదురుచూడాల్సిందే. ఎన్నికైన పాలకవర్గం లేనిచోట కేంద్ర ఆర్థిక సంఘం నిధులు విడుదల కావు. చెత్త ట్రాక్టరు డీజిలుకు, వీధి దీపాలకు, బోరు మోటారు మరమ్మతుకు సొంత డబ్బు పెట్టుకుంటున్నామని కార్యదర్శులు వాపోయారు. చేసిన పనులకు బిల్లులు రాక మాజీ సర్పంచులు రోడ్డెక్కారు.

అన్నింటికంటే మించిన నష్టం ప్రాతినిధ్యానిది. ప్రత్యేకాధికారి ఏలుబడిలో బీసీల వాటా 42 శాతం కాదు, 22 శాతమూ కాదు.. సున్న. ఎస్సీ, ఎస్టీల వాటా సున్న. మహిళలకు చట్టం ఇచ్చిన సగం వాటా కూడా సున్నే. కోటా తేలనిదే ఎన్నికలకు వెళితే ఐదేళ్లు నష్టపోతామన్న బీసీల ఆందోళన నిజమే. కానీ ఎన్నికలు ఆపి కూర్చున్న 22 నెలల్లో వారికి ఒరిగిందేమీ లేదు. చివరకు దక్కింది పాత పరిమితే.

ముందున్న దారి

50 శాతం గీత చెరగనిదేమీ కాదని అగ్రవర్ణ పేదల కోటా కేసులో 2022 నవంబరులో మెజారిటీ న్యాయమూర్తులే అన్నారు. ఆ గీతను మార్చాలంటే రాజ్యాంగ సవరణో, విస్తృత ధర్మాసనమో దారి. అది ఢిల్లీలో తేలాల్సిన వ్యవహారం. ఆ పోరాటం సాగాల్సిందే. దాన్ని పల్లె ఎన్నికల తేదీతో ముడిపెట్టడమే అసలు పొరపాటు. గడువు తీరడానికి ఆరు నెలల ముందే రిజర్వేషన్ల ఖరారు పూర్తి కావాలి. కాని పక్షంలో అమల్లో ఉన్న కోటాతోనే ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇచ్చేలా చట్టంలో నిబంధన చేర్చాలి.

సర్పంచులు కొలువుదీరినా ముప్పు పూర్తిగా తొలగలేదు. మండల, జిల్లా పరిషత్తుల గడువు 2024 జూలైలోనే ముగిసింది. గ్రామాల్లో ఓట్ల పండుగ జరిగిన 2025 డిసెంబరు నాటికి కూడా వాటికి ఎన్నికలు జరగలేదు. రాజ్యాంగం గీసిన హద్దుల్లో ఒకదానికి కాపలా కాసి, మరోదాన్ని గాలికి వదిలేస్తే మిగిలేది స్వపరిపాలన కాదు, అధికారుల పాలనే.